చంపకూడని వారెవరు? — ఆధునిక రాజకీయ హింసపై ఒక విచారణ



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలవడం నాకు దక్కిన గౌరవం. ఆయన డిగ్రీ విద్యార్థులకు తత్త్వశాస్త్రం బోధించారు. ప్లేటో నుంచి కాంట్ దాకా సిలబస్‌లో ఉన్నదంతా చెబుతూనే, నీతికి సంబంధించిన చిక్కు ప్రశ్న ఎదురైతే మాత్రం భారతం తీసేవారు. ఆ పద్ధతినే ఈరోజు నేనూ పాటించదలిచాను.

మా తరం చదువుకునే రోజుల్లో ఏ పత్రిక తెరిచినా రెండు రకాల వార్తలు కనిపించేవి. ఇన్‌ఫార్మర్ అన్న నెపంతో ఒక ఊళ్ళో ఒకరి హత్య. ఎదురుకాల్పుల్లో మరొక చోట మరొకరి మృతి. చాలామంది మొదటి వార్త చదివి ఒక పక్షాన, రెండో వార్త చదివి మరో పక్షాన కోపగించేవారు. రెండు వార్తలకూ ఒకే కొలత వాడేవాళ్ళు తక్కువ. ఆ కొలత ఏమిటన్నదే ఈనాటి నా విషయం.

హింస తప్పా ఒప్పా అన్న పెద్ద ప్రశ్న జోలికి నేను పోవడం లేదు. ఆయుధం పట్టకుండా విముక్తి దొరకని జాతులు చరిత్రలో ఉన్నాయి; వారికి అహింసను దూరం నుంచి బోధించే అర్హత నాకు లేదు. నేను వేసే ప్రశ్న ఇరుకైనది. ఆయుధం పట్టినవాడు, తిరుగుబాటుదారు కానీ ప్రభుత్వం కానీ, ఎవరిని చంపకూడదని ముందుగా నిశ్చయించుకున్నాడు? ఆ నిశ్చయం తప్పిన రోజున ఎవరికి జవాబు చెప్పుకుంటాడు? రాజకీయ హింసకు నైతిక పరీక్ష ఆశయం గొప్పతనంలో లేదనీ, ఈ రెండు ప్రశ్నల్లోనే ఉందనీ నా వాదన. గడిచిన రెండు శతాబ్దాల్లో ఈ హద్దు ఎలా చెరిగిపోతూ వచ్చిందో చూస్తే ఉగ్రవాదమంటే ఏమిటో కొంత స్పష్టపడుతుంది.

ముందు సౌప్తికపర్వం. పద్దెనిమిదో రోజు సాయంత్రం, తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుణ్ణి చూసి వచ్చిన అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ అడవిలో ఒక మర్రిచెట్టు కింద ఆగుతారు. తక్కిన ఇద్దరూ అలసటతో నిద్రపోతారు. అశ్వత్థామకు కన్ను మూతపడదు. కొమ్మల మీద నిద్రిస్తున్న కాకులను ఒక గుడ్లగూబ చప్పుడు చేయకుండా వచ్చి చంపడం చూస్తాడు. ఉపాయం దొరుకుతుంది. మేనమామను లేపి చెబుతాడు. కృపుడు వద్దంటాడు. నిద్రపోయేవాణ్ణీ, ఆయుధం లేనివాణ్ణీ చంపడం ధర్మం కాదంటాడు. తెల్లవారనిచ్చి ధృతరాష్ట్రుణ్ణీ గాంధారినీ విదురుణ్ణీ అడుగుదామంటాడు.

దానికి అశ్వత్థామ చెప్పిన సమాధానం నేటికీ పాతబడలేదు. ధర్మమనే కట్టను పాండవులే ముందు తెంచారంటాడు. ఆయుధం వదిలి కూర్చున్న నా తండ్రి తల నరికారు. శిఖండిని అడ్డం పెట్టుకుని భీష్ముణ్ణి పడగొట్టారు. రథచక్రం కుంగిన కర్ణుణ్ణి కొట్టారు. దుర్యోధనుణ్ణి నడుము కింద గదతో బాదారు. ఆయన చెప్పిన వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ఈ పర్వం ఇంతగా మనల్ని కలవరపెట్టేది అందుకే. ఫిర్యాదు నిజం, దాని నుంచి తీసిన ముగింపు ఘోరం. ఎదుటివాడు హద్దు దాటాడు కనుక ఇక హద్దే లేదన్నాడు. ఆ రాత్రి శిబిరంలో ధృష్టద్యుమ్నుడితో ఆగలేదు. ద్రౌపది కొడుకులు అయిదుగురూ పోయారు. మర్నాడు అతని అస్త్రం పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్ళింది. తండ్రిని చంపినవాడితో మొదలైన పగ ఇంకా పుట్టనివాడి దాకా పోవడానికి ఒక పగలు, ఒక రాత్రి చాలాయి.

తెలుగువారికి ఈ కథలో ఇంకొక ఘట్టం బాగా తెలుసు. పోతన భాగవతం ప్రథమ స్కంధంలో అర్జునుడు అశ్వత్థామను పశువును కట్టినట్టు కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. ఆమె గురుపుత్రుడికి నమస్కరిస్తుంది. తన బిడ్డలను చంపినవాణ్ణి విడిచిపెట్టమంటుంది. నేను ఏడ్చినట్టు కృపి ఏడవకూడదంటుంది. ఆమె మాటలో క్షమ ఒక్కటే చూడడం మనకు అలవాటైంది. అతడు నిర్దోషి అని ఆమె ఎక్కడా అనలేదు. శిక్షా పడింది: తల గొరిగారు, శిరోమణి తీసుకున్నారు, వెళ్ళగొట్టారు. కానీ చావుకు చావు అనే లెక్కను ఆమె తన దగ్గరే ఆపింది. భీముడు కోరిన న్యాయం కంటే ఇది కఠినమైన న్యాయమని నా అభిప్రాయం.

ఇక ఆధునిక కాలానికి వస్తాను. భయోత్పాతాన్ని ఒక రాజకీయ విధానంగా మొదట బాహాటంగా సమర్థించుకున్నది అధికారంలో ఉన్నవారని గుర్తుంచుకోవాలి. 1794 ఫిబ్రవరి 5న ఫ్రెంచి కన్వెన్షన్‌లో రొబెస్పియర్ ప్రసంగించాడు. విప్లవ కాలంలో ప్రజా ప్రభుత్వానికి సద్గుణమూ కావాలి, భయమూ కావాలి అన్నాడు. భయం సద్గుణం నుంచే పుడుతుందన్నాడు. అంతకు ముందే, 1793 సెప్టెంబరులో, అనుమానితుల చట్టం వచ్చింది. మనిషి చేసిన పని కాకుండా అతని మీద కలిగిన శంకే నేరమైంది. 1794 జూన్ 10 నాటి చట్టం నిందితుడికి న్యాయవాదిని కూడా లేకుండా చేసింది. శిక్ష పేరిట చంపినవారు సుమారు 17 వేల మంది. జులై 28న రొబెస్పియర్ తల కూడా అదే గిలటిన్ కింద తెగిపడింది. ఆయన నిజాయితీపరుడనడంలో చరిత్రకారులకు పెద్దగా సందేహం లేదు. నిజాయితీ హద్దుకు బదులు కాజాలదని ఆ ఏడాది లోకానికి తెలిసింది.

తర్వాతి శతాబ్దంలో భయోత్పాతం రాజ్యం చేతిలోంచి రాజ్యాన్ని ఎదిరించేవారి చేతికి కూడా వచ్చింది. ఇక్కడ ఒక ఘటన దగ్గర కొంతసేపు ఆగాలి. పాత రష్యన్ క్యాలెండర్ ప్రకారం 1905 ఫిబ్రవరి 2 సాయంత్రం. మాస్కోలో జారు చక్రవర్తి పినతండ్రి గ్రాండ్ డ్యూక్ సెర్గీ నాటకశాలకు బయలుదేరాడు. దారిలో ఇవాన్ కల్యాయెవ్ అనే యువకుడు, సోషలిస్టు రివల్యూషనరీ పార్టీ పోరాట దళ సభ్యుడు, రుమాలులో చుట్టిన బాంబుతో కాచుకుని ఉన్నాడు. బండి రాగానే ముందుకు ఉరికాడు, చెయ్యెత్తాడు. లోపల డ్యూక్ పక్కన భార్య, ఎదురుగా ఇద్దరు పిల్లలు. ఎత్తిన చెయ్యి దించేశాడు. వెనక్కి వెళ్ళి తన నాయకుడు సవిన్కోవ్‌ను, నేను చేసింది సరైనదేనా అని అడిగాడు. సవిన్కోవ్ తప్పుపట్టలేదు. సంస్థ ఆదేశిస్తే తిరుగు దారిలో బాంబు వేస్తానని కూడా కల్యాయెవ్ అన్నాడు. ఆ ఆదేశం రాలేదు. రెండు రోజుల తర్వాత, ఒంటరిగా వస్తున్న డ్యూక్‌ను క్రెమ్లిన్ దగ్గర చంపి, పారిపోకుండా పట్టుబడి, ఉరికంబం ఎక్కాడు.

ఆల్బెర్ కామూ 1949 చివర్లో ఈ కథను నాటకంగా ప్రదర్శించాడు. రెండేళ్ళకు వచ్చిన తన తాత్విక గ్రంథంలోనూ ఆ యువకులను తలుచుకున్నాడు. కామూ దృష్టిలో వారి గొప్పతనం రెండు విషయాల్లో ఉంది. పిల్లల ముందు ఆగారు. తీసిన ప్రాణానికి తమ ప్రాణం చెల్లించారు. హత్యను అనివార్యమనుకున్నారు కానీ న్యాయమని సమర్థించుకోలేదు.

కామూ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా ఈ రెండో మాట దగ్గర ఆయనతో నేను వెళ్ళలేను. ప్రాణానికి ప్రాణం చెల్లిస్తే హత్య లెక్క సరిపోతుందంటే, మన కాలపు మానవబాంబు ఆ లెక్కను అక్కడికక్కడే సరిచేస్తున్నట్టే. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ పాదాలకు వంగి నమస్కరించిన యువతి తన ప్రాణం ఇచ్చే వచ్చింది. ఆమెతో పాటు పోయిన కార్యకర్తలు, పోలీసులు ఎవరి లెక్కలోకి వస్తారు? చావడానికి సిద్ధపడడం ధైర్యానికి గుర్తు కావచ్చు. చంపే హక్కుకు పత్రం కాలేదు. కల్యాయెవ్ నుంచి మనం నిలుపుకోవలసింది ఆ దించిన చెయ్యి ఒక్కటే.

ఆ చెయ్యి కథ కూడా పూర్తిగా శుభ్రమైనది కాదు. ఫిబ్రవరి 4న డ్యూక్ నిజానికి ఒంటరిగా లేడు. బండి తోలేవాడొకడు ఉన్నాడు. బాంబు దెబ్బకు తీవ్రంగా గాయపడి కొన్ని రోజులకు చనిపోయాడు. నాటకమంతా పిల్లల చుట్టూ తిరిగింది. బండివాడి గురించి చర్చించుకున్నవారు అరుదు. 1908 ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో ఖుదీరాం బోస్, ప్రఫుల్ల చాకీ కింగ్స్‌ఫర్డ్ అనే జడ్జి కోసం వేసిన బాంబుకు బలైంది వేరే బండిలో వెళ్తున్న తల్లీకూతుళ్ళు. 18 ఏళ్ళ ఖుదీరాంను ఉరి తీసిన తెల్లదొరల మీద మనకు రగిలే కోపం న్యాయమైనదే. ఆ తల్లీకూతుళ్ళ పేరు మన పాఠ్యపుస్తకాలు చెప్పకపోవడం న్యాయం కాదు.

కల్యాయెవ్‌కు పదకొండేళ్ళ ముందే హద్దు పూర్తిగా చెరిపేసినవాడు ఒకడు పారిస్‌లో కనిపిస్తాడు. 1894 ఫిబ్రవరి 12న ఎమిల్ ఆన్రీ అనే 21 ఏళ్ళ అరాచకవాది సాంలజార్ రైల్వే స్టేషన్ దగ్గరి కెఫే టెర్మినస్‌లో, సంగీతం వింటూ బీరు తాగుతున్న మామూలు జనం మధ్య బాంబు విసిరాడు. ఒకరు చనిపోయారు, ఇరవై మంది దాకా గాయపడ్డారు. వారిలో మంత్రి లేడు, జడ్జి లేడు. అమాయకులంటూ ఎవరూ లేరని కోర్టులో అతని వాదన. ఈ వ్యవస్థలో తాపీగా బతుకుతున్న ప్రతివాడూ దోషే. మనిషిని అతడు చేసిన పనికి కాకుండా ఉన్న చోటుకు చంపడం ఇక్కడ సిద్ధాంతమైంది. 2007 ఆగస్టు 25న మన హైదరాబాదులో గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో పోయిన 42 మంది చేసిన పాపం ఆ సాయంత్రం అక్కడ ఉండడమే.

ఈ చర్చ అత్యంత తీవ్రంగా సాగింది అల్జీరియా విషయంలో. జరిగిన వరస చూడాలి. 1956 జూన్‌లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరు అల్జీరియా పోరాటకారులను గిలటిన్‌కు ఎక్కించింది. ప్రతీకారంగా నగరంలో యూరోపియన్ల మీద కాల్పులు మొదలయ్యాయి. ఆగస్టు 10న ఫ్రెంచి అతివాదులు కస్బా వాడలో ఇళ్ళ మధ్య పెట్టిన బాంబు, నిద్రలో ఉన్న అనేక కుటుంబాలను తుడిచిపెట్టింది. సెప్టెంబరు 30న జాతీయ విమోచన సంస్థ పంపిన యువతులు మిల్క్ బార్‌లో, మరో కెఫేలో బాంబులు పెట్టారు. 1957 జనవరిలో పారాట్రూపర్లు దిగారు. చిత్రహింస రోజువారీ పనైంది. నాయకుడు లార్బీ బెన్ మ్హీదీ కస్టడీలో ఆత్మహత్య చేసుకున్నాడని ప్రకటించారు. చంపించింది తానేనని జనరల్ ఓసారెస్ దశాబ్దాల తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. ప్రతి అడుగులోనూ ప్రతి పక్షానికీ అశ్వత్థామ వాదన సిద్ధంగా ఉంది, ప్రతిసారీ అది నిజమే.

వీటన్నిటికీ ముందే, 1956 జనవరిలో, కామూ అల్జీర్స్ వెళ్ళి ఒక సభలో మాట్లాడాడు. యుద్ధం ఆపమని అడగలేదు. పౌరుల జోలికి పోమని రెండు పక్షాలూ మాట ఇవ్వమన్నాడు, అంతే. బయట తన జాతివాళ్ళే ఆయన చావు కోరుతూ కేకలు వేశారు. ఆ ప్రయత్నం విఫలమైంది. వలసపాలన మూలంలోని అన్యాయాన్ని ఆయన తగినంతగా చూడలేదన్న విమర్శలో నిజముంది. కానీ ఆ సభలో ఆయన అడిగినదానికి అప్పుడూ ఇప్పుడూ ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

అవతలి పక్షాన ఫ్రాంట్జ్ ఫానన్. 1961లో వచ్చిన ఆయన చివరి పుస్తకానికి సార్త్ర్ రాసిన ముందుమాట హింసను దాదాపు ప్రక్షాళనగా కీర్తించింది. మన విప్లవ సాహిత్య వర్గాల్లో ఫానన్ పేరు తలచినవారిలో ఎక్కువమంది హింస మీద రాసిన మొదటి అధ్యాయాన్నే తలచారు. నేను చివరి అధ్యాయం చదవమంటాను. ఆయన వైద్యుడు. 1953 నుంచి బ్లిదా మానసిక చికిత్సాలయంలో పనిచేశాడు. ఆ అధ్యాయం నిండా రోగుల కథలే. ఖైదీలను హింసించే పోలీసు అధికారి ఒకడు ఇంట్లో భార్యాబిడ్డలను కూడా కొడుతూ ఆయన దగ్గరికొస్తాడు; పశ్చాత్తాపం లేకుండా ఉద్యోగం చేసుకునేలా తనను బాగుచేయమంటాడు. మరొకడు స్వతంత్రమైన ఒక ఆఫ్రికా దేశపు దేశభక్తుడు. పోరాట కాలంలో సంస్థ ఆదేశం మీద ఒక కెఫేలో బాంబు పెట్టాడు, పది మంది పోయారు. ఏటా ఆ తేదీ దగ్గరపడేసరికి నిద్ర పట్టదు, దిగులు కమ్ముతుంది, చనిపోవాలనిపిస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక పాత పాలక జాతివారితో అతనికి స్నేహం కుదిరింది, మంచివాళ్ళని తెలిసింది. అలాంటివాళ్ళే ఆ కెఫేలో ఉండి ఉంటారా అన్న ప్రశ్న అతణ్ణి వదలలేదు. తన పోరాటాన్ని అతడు తప్పనలేదు. ఫానన్ కూడా అనలేదు. సిద్ధాంతకర్తగా మొదటి అధ్యాయంలో రాసినదాన్ని వైద్యుడిగా చివరి అధ్యాయంలో తానే ప్రశ్నార్థకం చేసిన ఆ నిజాయితీ ముందు సార్త్ర్ ముందుమాట తేలిపోతుంది.

1970లో హన్నా ఆరెంట్ ఆ ముందుమాటను ఘాటుగానే విమర్శించింది. అధికారం మనుషులు కలిసి నడవడంలోంచి పుడుతుందనీ, హింస దాన్ని నాశనం చేయగలదు గానీ ఎన్నటికీ సృష్టించలేదనీ ఆమె సిద్ధాంతం. 1962 తర్వాతి అల్జీరియా, ఆయుధం పట్టినవారే జనాన్ని ఏలిన అల్జీరియా, ఆమె మాటకు బలమైన సాక్ష్యం.

రాజ్యం సంగతికి మళ్ళీ రావాలి. 1996లో భారతదేశం ఉగ్రవాదంపై సమగ్ర ఒప్పందం ముసాయిదాను ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది. దానికి నేటికీ ఆమోదం లేదు. విమోచన పోరాటాలను ఏం చేయాలి, ప్రభుత్వ సేనలు చేసే పనులను అందులో చేర్చాలా అన్న చోట దేశాలు విడిపోయాయి. ఇంటి దగ్గర చట్టాలకు మాత్రం కొదవ లేదు. 1985లో టాడా, 2002లో పోటా, అది రద్దయ్యాక 2004లో దానిలోని ముఖ్యాంశాలు చేరిన ఊపా. 2019 సవరణతో విచారణకు ముందే ఒక వ్యక్తిని ఉగ్రవాదిగా ప్రకటించే అధికారం కేంద్రానికి వచ్చింది. 1793 నాటి అనుమానితుల చట్టం నీడ ఇందులో నాకు కనిపిస్తుంది.

చట్టం లోపల జరిగేది ఇలా ఉంటే, చట్టం బయట జరిగినది మన రాష్ట్రంలో అందరికీ తెలుసు. ఎదురుకాల్పుల్లో మనిషి చనిపోతే కేసు నమోదు చేసి తీరాలనీ, ఆత్మరక్షణ అన్నది పోలీసులు విచారణలో రుజువు చేసుకోవలసిన వాదన అనీ 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది. పదేళ్ళకు, 2019 డిసెంబరు 6న, చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను కాల్చి చంపితే జనం పోలీసుల మీద పూలు చల్లారు. అక్కడ జరిగింది రాజకీయ హింస కాదు. ఒక ఆడపిల్లకు జరిగిన దారుణం మీద జనానికి వచ్చిన ఆగ్రహమూ సహజమే. చంపే ఉద్దేశంతోనే కాల్చారని సిర్పూర్కర్ కమిషన్ తేల్చాక కూడా ఆ పూలకు ఎవరూ సిగ్గుపడలేదు. రాజకీయ హింస దశాబ్దాలుగా మనకు అలవాటు చేసిన మనస్తత్వమే ఆ పూలు చల్లించిందని నేననుకుంటున్నాను.

హద్దు గీసుకున్నవారు మన నేల మీద లేకపోలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడిన అల్లూరి సీతారామరాజు తుపాకులు పట్టుకుపోయాడు గానీ అక్కడి పోలీసులను చంపలేదు. సెప్టెంబరులో దామనపల్లి కనుమలో ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు. ఇందులో వ్యూహమూ ఉంది. మనిషి చేసిన పనిని బట్టి కాక పుట్టిన జాతిని బట్టి గీసిన గీత అనే ఆక్షేపణకూ చోటుంది. అయినా గీత ఉంది, దానికి కట్టుబడినవాళ్ళున్నారు. ఆయన్ని 1924 మే 7న కొయ్యూరు దగ్గర పట్టుకుని, విచారణ లేకుండా కాల్చిన ప్రభుత్వానికి ఆ గీత కూడా లేదు.

జవాబుదారీ సంగతి కె. బాలగోపాల్ లేవనెత్తారు. పౌరహక్కుల ఉద్యమంలో ఉంటూ బూటకపు ఎన్‌కౌంటర్ల మీద నిజనిర్ధారణకు ఊరూరా తిరిగిన మనిషి ఆయన. 1989లో అపహరణకు గురయ్యారు కూడా. అలాంటి మనిషే, ఉద్యమం పేరిట జరిగే హత్యల గురించి హక్కుల సంఘం మౌనంగా ఉండకూడదన్నారు. ఇన్‌ఫార్మర్ ముద్ర వేసి చంపిన కూలివాడికి కూడా హక్కుల భాష వర్తిస్తుందన్నారు. సహచరులతో విభేదం ముదిరి 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. రాజ్య హింసనూ ప్రతిహింసనూ ఒకే గాటన కట్టారని ఆయన మీద నింద వేశారు. ఆయన రాతలు చదివితే అది నిలవదు. రాజ్యం బాధ్యత ఎక్కువని ఆయన ఎన్నడూ మరవలేదు. చచ్చినవాడి పట్ల బాధ్యత ఇద్దరిదీ అన్నారు.

ఎస్.ఆర్. శంకరన్‌ది మరో దారి. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి ఏజెన్సీలో గుర్తేడు నుంచి వస్తుండగా ఆయన్నీ మరికొందరు అధికారులనూ పీపుల్స్‌వార్ బందీలుగా పట్టుకుంది. పదేళ్ళ తర్వాత, 1997లో, ఆయన నాయకత్వంలోనే పౌర స్పందన వేదిక మొదలైంది. అటూ ఇటూ తల్లులను, భార్యలను కలిశారు. ప్రభుత్వాన్ని ఏం అడిగారో పార్టీనీ అదే అడిగారు: ఈ మనిషిని ఎందుకు చంపారు? 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి. భూమి దగ్గర, ఊళ్ళలో ఆయుధాలతో తిరగడం దగ్గర ముడిపడి, 2005 జనవరికి ఆ ప్రయత్నం ముగిసిపోయింది. ఓటమి కదా అంటారు చాలామంది. కామూ పిలుపునకు అల్జీర్స్‌లో ఒక్క సమావేశపు ఆయుష్షే దక్కింది. శంకరన్ గారి బృందం ఆ ప్రశ్నను ఏడేళ్ళు, తుపాకులున్న రెండు పక్షాల ముందూ, సజీవంగా నిలబెట్టింది. రెండు పక్షాలనూ ఒక బల్ల దగ్గరికి రప్పించింది. రాజకీయ హింస మీద తెలుగులో జరిగిన అసలైన తాత్విక కృషి అదేనని నా నమ్మకం. మన విశ్వవిద్యాలయాల తత్త్వశాస్త్ర శాఖల్లో కామూ, ఫానన్, ఆరెంట్‌లతో పాటు ఆ వేదిక నివేదికలనూ, బాలగోపాల్ వ్యాసాలనూ పాఠ్యంగా పెట్టాలని ఈ సభాముఖంగా కోరుతున్నాను. మాస్టారి శిష్యుల్లో ఇవాళ పాఠ్యప్రణాళికా సంఘాల్లో ఉన్నవారు కొందరు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. ఈ కోరిక మొదట వారికే.